బెణుకు, మూగదెబ్బ, తొలగిన కీలు: కొల్లేరు సీమలో తొలి రోజుల వైద్యం

ఎముక విరగకపోయినా మనిషిని వారాల తరబడి పనికి దూరం చేసే దెబ్బలు చాలా ఉన్నాయి. కాలు మడతపడి చీలమండ వాచిపోవడం, బస్తా ఎత్తబోతే నడుం పట్టేయడం, కబడ్డీలో మోకాలు మెలిపడటం, బండి మీంచి పడి గూడ జారడం, పైకి గాటు కనిపించకుండా లోపల కండ నలిగి కమిలిపోవడం, ఇవన్నీ ఆ కోవలోవే. వైద్యులు మృదు కణజాల గాయాలనీ, కీళ్ల గాయాలనీ వేరుచేసి చెప్పినా, ఒకే దెబ్బలో రెండూ కలిసి రావడం మామూలు. మొదటి రెండు మూడు రోజుల్లో ఇంట్లోవాళ్లు ఏం చేశారు, ముఖ్యంగా ఏం చేయకుండా ఆగారు అన్నదాన్ని బట్టి చాలా గాయాలు ఎటు తిరుగుతాయో తేలిపోతుంది. దెందులూరు చుట్టుపక్కల పనులను, అలవాట్లను, అందుబాటులో ఉన్న వసతులను దృష్టిలో పెట్టుకుని ఆ తొలి రోజుల వైద్యాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

నేల, పని, దెబ్బ

దెందులూరు ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ, చెన్నై–హౌరా రైలు మార్గం మీద ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఉత్తరాన పెదవేగి వైపు మెట్ట, పామాయిల్ తోటలు. దక్షిణాన వరిచేలు, అవి దాటితే చేపల చెరువులు, ఆపైన కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సుకు 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు దక్కింది.

ఇక్కడి గాయాలకు ఇక్కడి పనుల పోలికే ఉంటుంది. బొచ్చె, శీలావతి పెంచే చెరువుల్లో తవుడు మేతను చిల్లుల సంచుల్లో నింపి కర్రలకు వేలాడదీస్తారు. ఆ తవుడు బస్తాను భుజానేసుకుని తడిసిన గట్టు మీద నడిచే మనిషికి చీలమండ ఎప్పుడు బెణుకుతుందో చెప్పలేం. పట్టుబడి రోజున నడుంలోతు నీళ్లలో వల లాగే ముఠాకు భుజాలు, మణికట్లు పట్టేస్తాయి. పామాయిల్ తోటలో పొడవాటి గడకు బిగించిన కొడవలితో తల పైకెత్తి గెలలు కోసేవాళ్లకు మెడ బిగుసుకుపోతుంది; కోసిన గెల ఇరవై కిలోలు తూగడం వింతేమీ కాదు. డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తా మోసేవాళ్లకూ, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో లారీలకు ఎత్తే ముఠా కార్మికులకూ నడుమే మొదట మొరాయిస్తుంది. జాతీయ రహదారి 16 మీద మోటారు సైకిల్ ప్రమాదాలు ఏడాది పొడవునా ఉంటాయి. సంక్రాంతికి ఊరూరా కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడతారు. ఏడాదంతా ఆడనివాళ్లు ఒక్కసారిగా బరిలోకి దిగేది ఆ మూడు రోజుల్లోనే.

చర్మం కింద జరిగేది

ఎముకను ఎముకతో కలిపే గట్టి పట్టీని లిగమెంటు అంటారు. కండరాన్ని ఎముకకు అతికించే తాడు టెండన్. కీలు దాని హద్దు దాటి తిరిగితే లిగమెంటు సాగుతుంది లేదా చిరుగుతుంది, అదే బెణుకు. కొన్ని పోగులే సాగితే మొదటి స్థాయి, సగం చిరిగితే రెండోది, పూర్తిగా తెగితే మూడోది. నొప్పిని బట్టి స్థాయిని అంచనా వేయడం కుదరదు. పూర్తిగా తెగిన లిగమెంటు సగం చిరిగినదానికంటే తక్కువ నొప్పి పెట్టవచ్చు, కానీ కీలు వదులై ఊగుతుంది. పాదం లోపలికి మడతపడినప్పుడు చీలమండ బయటివైపు ముందున్న లిగమెంటు అన్నిటికంటే ముందు దెబ్బతింటుంది. బెణికిన చోటు చూపించమంటే చాలామంది వేలు అక్కడే పెడతారు.

చిట్లిన సన్నని రక్తనాళాల నుంచి రక్తం, ద్రవం ఊరి వాపు వస్తుంది. ఆ వెంటే దెబ్బతిన్న కణాలను తొలగించే రక్షక కణాలు చేరతాయి. ఈ వాపును జనం శత్రువులా చూస్తారు గానీ, అది లేకపోతే మానడమే మొదలుకాదు. మూడో రోజు నుంచి సుమారు మూడు వారాల వరకు కొత్త పోగులు అల్లుకుంటాయి, అదీ చిక్కుపడ్డ దారంలా ఒక వరసంటూ లేకుండా. ఆ తరువాత నెలల తరబడి, కీలు మీద పడే బరువును బట్టి, అవి వరసలోకి సర్దుకుంటాయి. కదలిక లేకుండా ఉంచేసిన కీలులో ఈ సర్దుబాటు జరగదు.

రెండో రోజో మూడో రోజో కమిలిన నీలం రంగు కాలివేళ్ల దాకా దిగి కనిపిస్తే చాలామంది హడలిపోతారు. చీలమండ దగ్గర కారిన రక్తమే బరువుకు కిందికి జారి అక్కడ చేరుతుంది. దానివల్ల ప్రమాదం లేదు. ఆకుపచ్చగా, పసుపుగా మారి దానంతటదే పోతుంది.

తోమడం

కొల్లేరు సీమలోనే కాదు, తెలుగునాట చాలా ఊళ్లలో దెబ్బ తగిలిన సాయంత్రానికే తోమే మనిషి వస్తాడు. ఆముదమో కొబ్బరినూనో వేడిచేసి, బొటనవేలితో నొక్కి, “నరం పక్కకు జరిగింది, సరిచేస్తా” అంటాడు. అప్పటికి హాయిగానే ఉంటుంది. చర్మం మీది స్పర్శ నాడులు కదిలితే నొప్పి కబురు మెదడుకు చేరడం కాసేపు మందగిస్తుంది. రాత్రికి వాపు రెండింతలవుతుంది. అతుక్కోబోతున్న సన్నని రక్తనాళాలు మళ్లీ చిట్లడమే అందుకు కారణం. పక్కకు జరిగే నరమంటూ అక్కడేదీ లేదు. ఉన్నది చిరిగిన లిగమెంటు. దాన్ని వేలితో నొక్కి అతికించలేం.

చీలమండను తోమితే పోయేది కొన్ని రోజులే. మోచెయ్యి అలా కాదు, దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మోచెయ్యి దెబ్బతిన్నాక, అది తొలగడం కావచ్చు, విరగడం కావచ్చు, దాని చుట్టూ కండను గట్టిగా తోమినా, బిగిసిందని బలవంతంగా చాచినా, కండ లోపలి రక్తపు గడ్డ ఎముకగా మారే ప్రమాదం ఉంది. తొడ మీద గట్టి మూగదెబ్బ తగిలినా ఇదే జరగవచ్చు. మూడు నాలుగు వారాల తరువాత ఎక్స్‌రే తీస్తే కండ మధ్యలో తెల్లని మబ్బులా కొత్త ఎముక కనిపిస్తుంది. ఆ మోచెయ్యి ఒక కోణంలో బిగుసుకుపోతే అన్నం ముద్ద నోటిదాకా రాదు, జడ వేసుకోవడానికి చెయ్యి తల వెనక్కి పోదు. పడి లేచిన పదేళ్ల పిల్లవాడిని నెలరోజులు తోమించి, చెయ్యి కట్టెలా బిగిశాక తీసుకొచ్చే తల్లిదండ్రులను ఎముకల వైద్యులు ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. మోచేతికి దెబ్బ తగిలితే మొదటి రోజూ, నెల తరువాతా, ఎప్పుడూ తోమకూడదు. మిగతా కీళ్లకు కూడా తొలి వారం తోముడు పనికిరాదు.

అన్ని ఊరి వైద్యాలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. గాయం లేని చర్మం మీద మినప్పిండి, కోడిగుడ్డు తెల్లసొన కలిపి పట్టు వేస్తే అది ఆరి గట్టిపడి కీలును కదలకుండా కొంత ఆపుతుంది. ఉడికించిన చింతపండు, ఉప్పు పట్టు చేసే హాని పెద్దగా ఉండదు, మరీ వేడిగా వేయకపోతే. సున్నం, పసుపు కలిపిన పట్టుతో మాత్రం జాగ్రత్త. సున్నం పాలు ఎక్కువైతే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. వావిలాకు, జిల్లేడాకు కాపడాలు మూడో నాలుగో రోజున పట్టేసిన కండకు బాగానే ఉంటాయి, తొలిరోజు వాపుకు పనికిరావు. మెడ పట్టేస్తే దిండు ఎండలో పెట్టడం వల్ల ఎవరికీ నష్టం లేదు. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకోవడం వేరే సంగతి: ఎముకలు పలచబడిన పెద్దావిడకు ఆ తన్నుతో వెన్నుపూస నలిగిపోవచ్చు. పట్టేసిన నడుం చాలావరకు కొద్ది వారాల్లో తనంతట తానే వదులుతుంది. పేరు మాత్రం తన్నినవాళ్లకు వస్తుంది.

ఐసు

1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ తన క్రీడావైద్య పుస్తకంలో విశ్రాంతి, ఐసు, బిగింపు కట్టు, ఎత్తున పెట్టడం అనే నాలుగింటిని ఒక సూత్రంగా చెప్పాడు. ప్రపంచమంతా దాన్ని పాటించింది. తరువాతి ఏళ్లలో ఆయనే తన మాట సవరించుకున్నాడు: ఐసు, సంపూర్ణ విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చేయవచ్చని. 2012లో బ్రిటిష్ క్రీడావైద్య పత్రికలో కొందరు పరిశోధకులు పూర్తి విశ్రాంతికి బదులు తగినంత బరువును తొందరగా మోపాలని ప్రతిపాదించారు. 2019 నాటి మరో ప్రతిపాదన ఐసును పూర్తిగా పక్కనబెట్టి, తొలి రోజుల్లో రక్షణ, ఎత్తు, కట్టు, ఆ తరువాత క్రమంగా కదలిక అని చెప్పింది. ఇన్నేళ్ల చర్చలో తేలింది ఇది: ఐసు నొప్పిని తగ్గిస్తుంది, గాయాన్ని త్వరగా మాన్పుతుందనడానికి గట్టి ఆధారం లేదు. నొప్పితో రాత్రంతా నిద్రపట్టని మనిషికి మొదటి ఒకటి రెండు రోజులు అది వద్దనడానికీ కారణం కనిపించదు.

ఈ సీమలో ఐసుకు కరువులేదు. చేపలను ట్రేలలో పేర్చి, దిమ్మలు పగలగొట్టి, ఐసు పొడి నింపి దూర రాష్ట్రాలకు లారీలకెత్తే చోట్లలో ఎప్పుడడిగినా గుప్పెడు ఐసు దొరుకుతుంది. ఆ ఐసు వాడే పద్ధతి తెలుసుకోవాలి. చేపల జిగురు, శుభ్రం కాని నీళ్లు అంటిన ఐసు చర్మం మీద, ముఖ్యంగా గీరుకుపోయిన చోట, నేరుగా తగలకూడదు. మెత్తగా నలిపిన ఐసును ప్లాస్టిక్ కవరులో వేసి, మూతి ముడేసి, తడిపిన పలచని తువ్వాలు చుట్టి, వాచిన చోట పది పదిహేను నిమిషాలు ఉంచి తీసేయాలి. రెండు గంటలు ఆగి, నొప్పి ఉంటే మళ్లీ. ఉప్పు కలిపిన ఐసు జోలికి పోవద్దు. దాని చల్లదనం సున్నా డిగ్రీల కంటే ఎంతో కిందికి దిగిపోయి, చర్మం కాలినట్టే దెబ్బతింటుంది. మధుమేహంతో పాదాల స్పర్శ మందగించినవాళ్లకు ఐసు గానీ, వేడి ఇటుక కాపడం గానీ పెట్టకూడదు. కాలుతున్నా వాళ్లకు తెలియదు.

కట్టు

కట్టు ఉద్దేశం కీలుకు ఆసరా ఇవ్వడం, వాపును ఒక హద్దులో ఉంచడం. కట్టుకు ముందు చేయాల్సిన పని ఒకటుంది: ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు తీసేయాలి. మెట్టెలు తీయడానికి ఇంట్లో ఆడవాళ్లు వెనకాడతారు, అత్తగారు వద్దంటుంది. వాచిన వేలు చుట్టూ మెట్టె ఉచ్చులా బిగుసుకుని రక్తం ఆడకపోతే వేలే పోవచ్చు. పాదం మీద దెబ్బ తగిలిన నిమిషంలోనే, ఇంకా వాపు రాకముందే, కాస్త సబ్బునీళ్లు రాసి తీసి ఆవిడ కొంగుకే ముడేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

మందుల షాపులో దొరికే క్రేప్ బ్యాండేజీ చీలమండకు నాలుగంగుళాలది సరిపోతుంది. పాదాన్ని పిక్కకు లంబంగా, నిలబడినప్పుడు ఉండే తీరులో ఉంచాలి. చుట్టడం కాలివేళ్ల మొదట్లో ప్రారంభించి, పాదం మీంచి చీలమండ వెనక్కి, అక్కడినుంచి అరికాలి కిందికి, మళ్లీ పైకి, ఎనిమిది అంకె వచ్చేలా తిప్పుతూ పిక్క కింద ఆపాలి. ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పాలి. కింద కాస్త బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండాలి. వేళ్లు మాత్రం బయటే ఉంచాలి, ఎందుకంటే కట్టు కథంతా అవే చెబుతాయి. గోరు నొక్కి వదిలితే రెండు క్షణాల్లో ఎరుపు తిరిగి రావాలి. వేళ్లు చల్లబడినా, తెల్లబడినా, నీలమెక్కినా, తిమ్మిరెక్కినా అప్పటికప్పుడు కట్టు విప్పేయాలి. రాత్రి పడుకునేటప్పుడు వదులు చేయాలి. కాలు గుండె కంటే ఎత్తులో, రెండు దిండ్ల మీద ఉంటే కట్టుకంటే ఎక్కువ మేలు.

బిగువు విషయంలో మన పాత వైద్యులు చెప్పింది ఇవాళ్టికీ చెల్లుతుంది. సుశ్రుత సంహిత తొలగిన కీళ్లను ఆరు రకాలుగా, విరిగిన ఎముకలను పన్నెండు రకాలుగా విడదీసి, కట్టు వదులైతే కీలు నిలవదనీ, బిగిస్తే వాపు, నొప్పి, చీము వస్తాయనీ హెచ్చరించింది. చలికాలంలో ఏడు రోజులకు, మధ్యస్థ కాలంలో అయిదు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకు కట్టు మార్చాలని కూడా అందులో ఉంది. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు కట్టుకు రాష్ట్రమంతటా పేరుంది; ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ దాని సామగ్రి. అలాంటి కట్టులను చూసి నేర్చుకున్నామనేవాళ్లు ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్ల చేతిలో వెదురు బద్దలు బిగిసి, పిల్లల చేతులు నల్లబడి ఆసుపత్రికి చేరడం అరుదేమీ కాదు.

బిగిసిన కట్టు లోపల జరిగే నాశనాన్ని జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోక్‌మాన్ 1881లో వివరించాడు. కండరాలు గట్టి పొరల గదుల్లో ఉంటాయి. వాపు లోపల పెరిగి, పైన కట్టు సందివ్వకపోతే, రక్తం అందని కండరం కొద్ది గంటల్లోనే చచ్చిపోవడం మొదలవుతుంది. బతికిన చెయ్యి కూడా గోళ్లు ముడుచుకున్న పంజాలా వంకరపోతుంది. దీని తొలి గుర్తు గాయానికి తగని భయంకరమైన నొప్పి. పిల్లవాడి వేళ్లను మెల్లగా చాస్తే ముంజేతిలో నొప్పితో కెవ్వుమంటాడు. కట్టు వేశాక నొప్పి తగ్గాలి. తగ్గకుండా పెరుగుతుంటే, అర్ధరాత్రయినా సరే, కట్టు మొత్తం కోసి తీసి ఆసుపత్రికి వెళ్లాలి. నాడి అందుతోంది కదా అని ఆగకూడదు, ఈ స్థితిలో నాడి చివరిదాకా ఆడుతూనే ఉంటుంది.

విరిగిందా, బెణికిందా

బెణికిన ప్రతి కాలికీ ఎక్స్‌రే అక్కర్లేదు. 1992లో కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ బృందం రూపొందించిన నియమాలు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. చీలమండకు ఇరువైపులా ఉబికి కనిపించే ఎముకల వెనక అంచును, కింది కొసనుంచి పైకి ఆరు సెంటీమీటర్ల మేర, వేలితో నొక్కి చూడాలి. పాదం బయటి అంచున మధ్యలో, చిటికెనవేలి వెనక, ఉబికిన ఎముకనూ, లోపలివైపు పాదం వంపు పైభాగాన ఉన్న ఎముకనూ అలాగే నొక్కాలి. వీటిలో ఎక్కడైనా ఎముక మీదే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనేనూ, పరీక్షించేటప్పుడూ నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. కుంటుతూ వేసినా అడుగు అడుగే. ఈ నియమాలు దాటిపోయే విరుగుళ్లు బహు తక్కువ. చిన్నపిల్లల విషయంలో, మద్యం మత్తులో ఉన్నవాళ్లకు, స్పర్శ తెలియని మధుమేహ పాదాలకు వీటి మీద ఆధారపడకూడదు.

మధుమేహ పాదం గురించి ఇంకో మాట. చాలా ఏళ్లుగా చక్కెర జబ్బు ఉన్న మనిషికి చిన్న మెలికతో పాదం వాచి, వెచ్చగా, ఎర్రగా ఉండి, నొప్పి పెద్దగా లేకపోతే దాన్ని బెణుకని వదిలేయకూడదు. లోపల ఎముకలు నలుగుతుండవచ్చు. నడుస్తూనే ఉంటే పాదం ఆకారమే మారిపోతుంది. దెబ్బే తగలకుండా కీలు వాచి, జ్వరం కూడా ఉంటే అది కీలులో చీము కావచ్చు. అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి.

మోకాలు మెలిపడినప్పుడు లోపల టప్‌మన్న చప్పుడు వినపడి, రెండు మూడు గంటల్లోనే బుడగలా ఉబ్బితే కీలులో రక్తం చేరినట్టు. ముఖ్యమైన లిగమెంటు తెగి ఉండవచ్చు. మర్నాటికి మెల్లగా వాస్తే లోపలి మెత్తటి బిళ్ల చిరిగిందని అనుమానించవచ్చు. పరుగులో ఉండగా వెనకనుంచి ఎవరో మడమ మీద తన్నినట్టనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే అది మడమ వెనక టెండన్ తెగడం. బోర్లా పడుకోబెట్టి పిక్క పిసికితే పాదం కదలదు. కబడ్డీలో తొడ మీద మోకాలు బలంగా తగిలితే తొలి ఇరవై నాలుగు గంటలూ మోకాలు మడిచి ఉంచాలని అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ వైద్యుల అనుభవం. చాచి ఉంచితే తొడ కండ పొట్టిగా బిగుసుకుపోతుంది. బంతి తగిలి వేలి కొస వాలిపోతే లాగి సరిచేయబోకండి. కొస నిటారుగా ఉండేలా చిన్న బద్ద కట్టించుకుని ఆరు నుంచి ఎనిమిది వారాలు ఒక్క రోజు కూడా విప్పకుండా ఉండాలి.

కీలు తొలగితే

గూడ జారినవాడి భుజం గుండ్రదనం పోయి పలకలా కనిపిస్తుంది, చెయ్యి ఒంటికి కాస్త ఎడంగా నిలిచిపోతుంది. చంకలో కాలుపెట్టి చెయ్యి లాగే పద్ధతి హిప్పోక్రటీస్ కాలం నాటిది. తెలియని చేతుల్లో అది నరాన్ని దెబ్బతీస్తుంది, విరిగిన ఎముకను ఇంకా విరుస్తుంది. చేయాల్సింది చెయ్యి ఉన్న తీరులోనే ఉంచి, కింద చిన్న దిండు సర్ది, కండువాతో మెడకు వేలాడదీయడం. రెండో కండువాతో ఆ చేతిని ఛాతీకి చేర్చి కడితే ఆటోలో కుదుపులకు తట్టుకుంటుంది. పడినవాడికి సోడా, కాఫీ తాగించడం మన దగ్గర మర్యాద. ఇక్కడ మానుకోవాలి, కీలు సరిచేయడానికి మత్తు ఇవ్వాల్సివస్తే ఖాళీ కడుపే మేలు. మోకాలి కీలు పూర్తిగా తొలగడం వీటన్నిటిలో ప్రమాదకరం. వెనకవైపు పెద్ద ధమని తెగితే ఆరు గంటల్లోపు రక్తం మళ్లీ పారకపోతే కాలు దక్కడం కష్టం.

ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను రెండు చేతులూ పట్టి ఊపినా, విసురుగా లాగినా మోచేతి దగ్గర చిన్న ఎముక దాని పట్టీలోంచి జారుతుంది. పిల్ల చెయ్యి వాల్చేసి కదపదు, వాపు మాత్రం ఉండదు. డాక్టరు చేతిలో అది క్షణాల పని. కింద పడిన పిల్లకైతే ఇది కాకపోవచ్చు, ముందు ఎక్స్‌రే కావాలి.

కొబ్బరి దింపువాళ్లు, గీత కార్మికులు చెట్టు మీంచి పడితే అది బెణుకుల లెక్కలోకి రాదు. మెడ, వెన్ను విరిగిందనే అనుకుని, కూర్చోబెట్టకుండా, ఎత్తి భుజాన వేసుకోకుండా, తలా మొండెం ఒకే వరసలో ఉంచి 108 అంబులెన్సు కోసం ఆగాలి.

నీళ్లలో తగిలిన దెబ్బ

జెల్ల, ఇంగిలాయి ముళ్లు గుచ్చుకుంటే ఐసు సూత్రం తిరగబడుతుంది. ఆ ముల్లులోని విషం వేడికి చెడిపోతుంది, కాబట్టి చెయ్యి పట్టే వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర వరకు ముంచితే నొప్పి తగ్గుతుంది. వేడిని గుచ్చుకోని చేత్తో ముందు చూసుకోవాలి. నొప్పిలో ఉన్న చెయ్యి కాలేదాకా తెలియదు. చెరువు బురదలో తెగిన గాయాన్ని శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో బాగా కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోవాలి. మర్నాటికి గాయం చుట్టూ ఎరుపు పాకుతూ, చూసేదానికంటే నొప్పి ఎక్కువగా ఉంటే, మధుమేహులైతే మరీనూ, ఆలస్యం చేయకూడదు. సంక్రాంతి కోడికత్తి గానీ, కొడవలి గానీ లోతుగా దిగితే గుడ్డ మడిచి గాయం మీదే పది నిమిషాలు వదలకుండా నొక్కాలి. రక్తం ఆగినా వేలు మడవలేకపోతే లోపల టెండన్ తెగినట్టే.

మాత్రలు, ఆసుపత్రులు

నొప్పికి పారాసిటమాల్ చాలావరకు సరిపోతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, రక్తం పలచబడే మందులు ఉన్నవాళ్లకు, గర్భిణులకు తగవు. వల లాగి ఎండలో నీళ్లు తాగకుండా ఉన్న మనిషికి అవి కిడ్నీల మీద ఇంకా భారం. ఊళ్లో నొప్పికి వేసే ఇంజెక్షన్‌లో స్టెరాయిడ్ కూడా కలిసి ఉండవచ్చు. చక్కెర జబ్బున్నవాళ్లు అందులో ఏముందో అడిగి వేయించుకోవాలి. నొప్పి తెలియకుండా మద్యం తాగడం వాపు పెంచి, ప్రమాద గుర్తులను దాచేస్తుంది.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించింది. దెందులూరు ప్రాంతం వాళ్లకు ఏలూరులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, మల్కాపురంలో ఆశ్రం వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. అటువైపు తాడేపల్లిగూడెంలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది. రోడ్డు మీద పడినవాళ్లకు సాయం చేసేవాళ్లను కేసుల్లో ఇరికించకుండా 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించింది. కొల్లేటి లంకల నుంచి వచ్చేవాళ్లకు దారిలోనే చాలాసేపు గడుస్తుంది, కాబట్టి బయలుదేరేముందే కాలికి ఇరువైపులా మెత్తటి గుడ్డ చుట్టిన వెదురు బద్దలు వదులుగా కట్టి, వేళ్లు కనపడేలా ఉంచడం అవసరం.

మళ్లీ పనిలోకి

రెండో మూడో రోజు నుంచే, నొప్పి భరించగలిగినంతలో, పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టాలి. మొదట చేతికర్ర ఆసరాతో బరువు మోపి, తరువాత కర్ర వదిలేయాలి. నెల రోజులు మంచం దిగకపోతే పిక్క చిక్కిపోతుంది, లిగమెంటు అతికినా కీలు బలం తిరిగి రాదు. నడుం పట్టేసినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది: ఒకటి రెండు రోజులకు మించి పడుకోకూడదు. కాళ్లు బలహీనపడటం, మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య తిమ్మిరి అనే మూడింట్లో ఏది కనిపించినా మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ మళ్లీ బెణుకుతుంది. లిగమెంటు వదులు కావడంతో పాటు, పాదం ఏ వాలులో ఉందో మెదడుకు చెప్పే నాడులు కూడా మందగించడం దీనికి కారణం. ఒంటికాలి మీద నిలబడే అభ్యాసం వాటిని మళ్లీ పదును పెడుతుంది: మొదట గోడ పట్టుకుని, తరువాత వదిలి, ఆపైన కళ్లు మూసుకుని, రోజూ కొన్ని నిమిషాలు. దెబ్బతిన్న కాలితో, బాగున్న కాలితో సమానంగా ఒంటికాలి మీద నిలబడగలిగి, ముని వేళ్ల మీద పాతికసార్లు లేవగలిగాక తవుడు బస్తా ఎత్తుకుని గట్టెక్కవచ్చు. ఆరు వారాలు దాటినా నడిస్తే వాపు వస్తున్నా, మోకాలు ఉన్నట్టుండి జారిపోతున్నా, మొదటి ఎక్స్‌రే బాగుందన్న ధైర్యంతో ఊరుకోకుండా ఎముకల వైద్యుడికి మళ్లీ చూపించాలి. లిగమెంటు, బిళ్ల చిరుగుళ్లు ఎక్స్‌రేలో కనపడవు, వాటికి ఎమ్మారై కావాలి.